స్టెంట్ వేశాక మొదలయ్యే వైద్యం: రెండో గుండెపోటు రాకుండా అందే సంరక్షణ సరిగా ఉందో లేదో ఇంటివారు చూసుకునే విధానం

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి గురించి బంధువులు అడిగితే "బ్లాక్ తీసేశారు, ఇక భయం లేదు" అని చెబుతుంటాం. అందులో సగమే నిజం. స్టెంట్ అన్నది రెండు మూడు సెంటీమీటర్ల మేర మూసుకుపోయిన ఒక చోటును తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ మాత్రమే. నాళాల గోడల్లో కొవ్వు పేరుకునే జబ్బు మిగిలిన చోట్ల ఎప్పటిలాగే ఉంటుంది. బైపాస్ ఆపరేషన్ కూడా రక్తానికి పక్కదారి వేస్తుందే తప్ప జబ్బును తీసేయదు. రెండో పోటు రాకుండా ఆపే పని చాలావరకు మాత్రలది, అలవాట్లది, వాటిని ఏళ్ల తరబడి గమనించే డాక్టరుది, ఇంటివారిది.

ఆ పని ఎంత బలహీనంగా సాగుతోందో 2011లో వెలువడిన ప్యూర్ అధ్యయనం చూపించింది. పదిహేడు దేశాల్లో లక్షన్నరకు పైగా జనాన్ని పరిశీలించినప్పుడు, మన దేశం అప్పట్లో చేరి ఉన్న అల్పాదాయ దేశాల వర్గంలో, గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారిలో 80 శాతం మంది నిరూపితమైన మందుల్లో ఒక్కటి కూడా వాడడం లేదు. కొలెస్ట్రాల్‌ను తగ్గించే స్టాటిన్ మాత్ర వాడేవారు 3.3 శాతమే. ఈ మందులు కొత్తవీ కావు, దొరకనివీ కావు. గుండెపోటులో ఆస్పిరిన్ ప్రాణం కాపాడుతుందని 1988లోనే తేలింది. స్టాటిన్ మరణాలను తగ్గిస్తుందని 4,444 మందిపై జరిగిన స్కాండినేవియా పరీక్ష 1994లో నిరూపించింది. లోపం మందులో లేదు, అది రోగి నోటి వరకు చేరి అక్కడే నిలబడే ఏర్పాటులో ఉంది.

అందువల్ల ఈ వ్యాసంలో నాణ్యత అన్న మాటకు ఆసుపత్రి భవనమో యంత్రాలో అర్థం కాదు. రావలసిన మందు వచ్చిందా, చేరవలసిన అంకె చేరిందా, చేరకపోతే ఎవరైనా చీటీ మార్చారా అన్న మూడు ప్రశ్నలకు దొరికే జవాబే ఇక్కడ నాణ్యత. వీటిని అడగడానికి వైద్యం చదివి ఉండనక్కరలేదు. ఒక నోటుపుస్తకం, కొంచెం పట్టుదల ఉంటే చాలు. అయితే కింద చెప్పే మోతాదులు, లక్ష్యాలు డాక్టరుతో మాట్లాడడానికే తప్ప సొంతంగా మందు మార్చుకోవడానికి కావు.

మొదటి మెట్టు: ఆసుపత్రి వదలకముందే కాగితాలు సరిచూసుకోవడం

డిశ్చార్జ్ రోజు ఇంట్లో అందరి ధ్యాస బిల్లు మీద, బండి మీద ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీని కవరులో పెట్టేసుకుని బయలుదేరడమే ఎక్కువ. దయచేసి ఒక అరగంట ఆగి, నర్సునో డ్యూటీ డాక్టరునో పక్కన నిలబెట్టి ఆ కాగితాన్ని చదవండి. అందులో వచ్చినది ఏ రకం గుండెపోటు, ఏ నాళంలో ఎన్ని స్టెంట్లు ఏ తేదీన వేశారు, మిగిలిన నాళాల్లో ఇంకా బ్లాకులు ఉన్నాయా, ఎకోలో గుండె పంపింగ్ శాతం ఎంత అన్నవి స్పష్టంగా ఉండాలి. పంపింగ్ శాతాన్ని ఈఎఫ్ అని రాస్తారు. అది 40 లేదా అంతకంటే తక్కువ ఉంటే మందుల జాబితా మారుతుంది, సుమారు మూడు నెలల తర్వాత ఎకో మళ్లీ తీయవలసి వస్తుంది. కాబట్టి ఆ ఒక్క అంకెను నోటుపుస్తకం మొదటి పేజీలో పెద్దగా రాసుకోవడం మంచిది. దాని పక్కనే చేరినప్పటి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) విలువలు రాయండి. స్టెంట్ స్టిక్కరు అంటించిన కార్డును, యాంజియోగ్రామ్ సీడీని తప్పక అడిగి తీసుకోండి. ఎప్పుడైనా వేరే ఊళ్లో వేరే ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే అక్కడి డాక్టరు ముందుగా అడిగేవి అవే.

ఇలాంటి జాబితా పెట్టుకోవడం ఆసుపత్రుల వైపు నుంచి కూడా ప్రయత్నించారు. కేరళలోని 63 ఆసుపత్రుల్లో ఇరవై ఒక్క వేల మందికి పైగా రోగులతో జరిగిన ఏసీఎస్ క్విక్ అనే పరీక్షలో, చేరేటప్పుడు, వెళ్లేటప్పుడు సరిచూసుకునే పట్టికలు సిబ్బంది చేతికి ఇచ్చారు. 2018లో వచ్చిన ఫలితాల్లో, లెక్కలన్నీ సరిచేశాక ముప్పై రోజుల్లో మరణాలు, మళ్లీ వచ్చే పోట్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. నాకు ఇందులో నిరాశ కంటే పాఠమే ఎక్కువ కనిపిస్తుంది: పట్టిక గేటు దాకా తీసుకువస్తుంది, గేటు అవతల నడవవలసింది వేరే ఉంది.

ప్రభుత్వ పథకం కింద చికిత్స జరిగి ఉంటే, అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయితే, పథకం కౌంటరులో ఉండే ఉద్యోగిని ఆ తర్వాతి పరీక్షలకు, మందులకు ఫాలోఅప్ ప్యాకేజీ వర్తిస్తుందా అని అడగండి. ఆపరేషన్ ఉచితంగా అయిందని సంతోషించి, ఆ తర్వాతి మందులకు సొంత డబ్బు పెట్టుకుంటూ, చివరికి పెట్టలేక మానేసేవారు చాలామంది ఉంటారు. కౌంటరులో ఒక ప్రశ్న అడిగితే పోయేదేమీ లేదు.

రెండో మెట్టు: మందుల చీటీలో ఏది ఎందుకు ఉందో తెలుసుకోవడం

చీటీలో ఏడెనిమిది పేర్లు ఉంటే కంగారు పడనక్కరలేదు. వాటిని పనులుగా విడదీసుకుంటే నాలుగైదు గుంపులే.

మొదటిది రక్తం గడ్డకట్టకుండా చూసే జంట. రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రసుగ్రెల్ ఈ మూడింటిలో ఒకటి ఇస్తారు. గుండెపోటు తర్వాత ఈ జంటను సాధారణంగా 12 నెలలు, గుండెపోటు లేకుండా ముందుగా చూసి స్టెంట్ వేసినవారికి సాధారణంగా 6 నెలలు కొనసాగిస్తారు. రక్తస్రావం ప్రమాదాన్ని బట్టి డాక్టరు ఆ గడువును కుదించవచ్చు, పొడిగించవచ్చు. ఆ తర్వాత ఒక మాత్ర ఆగుతుంది, ఒకటి మిగులుతుంది. ఇక్కడ నాణ్యతకు గుర్తు ఏమిటంటే, రెండో మాత్ర ఆపవలసిన తేదీ చీటీ మీద రాసి ఉండడం. రాయకపోతే కొందరు మూడు నెలలకే మానేస్తారు, కొందరు ఐదేళ్లు మింగుతూనే ఉంటారు. మొదటివారికి స్టెంట్‌లో గడ్డకట్టే ముప్పు, రెండోవారికి అనవసరంగా కడుపులో రక్తస్రావమయ్యే ముప్పు. కడుపు రక్షణకు ఇచ్చే మాత్ర విషయంలో చిన్న మెలిక ఉంది: ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది కాబట్టి క్లోపిడోగ్రెల్ వాడేవారికి సాధారణంగా పాంటోప్రజోల్ రాస్తారు. మెడికల్ షాపులో "రెండూ గ్యాస్ మాత్రలే" అని మార్చి ఇస్తే తీసుకోకండి.

రెండోది స్టాటిన్. అటోర్వాస్టాటిన్ అయితే 40 నుంచి 80, రోసువాస్టాటిన్ అయితే 20 నుంచి 40 మిల్లీగ్రాములను అధిక మోతాదు అంటారు. గుండెపోటు వచ్చినవారికి, వయసు మరీ పైబడడం, ఇతర జబ్బులు వంటి కారణాలు లేనప్పుడు, మొదలుపెట్టవలసింది అక్కడే. అటోర్వాస్టాటిన్ 10 మాత్రమే రాసి ఉంటే కోపం తెచ్చుకోనక్కరలేదు, కానీ "ఇంత తక్కువ ఎందుకు?" అని వినయంగా అడగవలసిందే. సరైన కారణం ఉంటే డాక్టరు చెబుతారు. లేకపోతే చీటీ మారుతుంది.

మూడోది రామిప్రిల్ వంటి ఏసీఈ మందు, లేదా పేరు చివర "సార్టాన్" అని వచ్చే మందు. పంపింగ్ తగ్గినవారికి, బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవారికి ఇది ముఖ్యం. మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష చేయించారా లేదా అన్నది శ్రద్ధగల వైద్యానికి మంచి కొలమానం. రామిప్రిల్‌తో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. ఆ దగ్గుకు నెలల తరబడి టానిక్కులు తాగి, ఎక్స్‌రేలు తీయించుకునే బదులు గుండె డాక్టరుకు చెబితే సార్టాన్‌కు మారుస్తారు, దగ్గు పోతుంది.

నాలుగోది గుండె వేగాన్ని, బీపీని తగ్గించే బీటా బ్లాకర్లు. వీటి సంగతి ఈ మధ్య మారుతోంది. పంపింగ్ తగ్గినవారికి అవి తప్పనిసరి. పంపింగ్ 50 శాతం, అంతకు మించి ఉన్నవారిలో వీటివల్ల అదనపు మేలు కనిపించలేదని 2024లో స్వీడన్ ప్రధానంగా జరిగిన రెడ్యూస్ ఏఎంఐ పరీక్ష చెప్పింది. కాబట్టి ఈ మాత్ర లేని చీటీని వెంటనే లోపంగా భావించనక్కరలేదు. ఉన్నదాన్ని మీరుగా ఆపడం మాత్రం ప్రమాదం, ఎందుకంటే హఠాత్తుగా మానేస్తే గుండె దడ, నొప్పి తిరగబడవచ్చు.

మాత్రల సంఖ్యే భారమయ్యే ఇళ్లలో అన్నీ కలిపిన ఒకే మాత్ర గురించి అడగవచ్చు. ఆస్పిరిన్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ కలిపిన మాత్రను 2,499 మందిపై పరీక్షించిన సెక్యూర్ అధ్యయనం 2022లో వచ్చింది. విడి మందులు వాడినవారిలో 12.7 శాతం మందికి పెద్ద ప్రమాదాలు ఎదురైతే, కలిపిన మాత్ర వాడినవారిలో అది 9.5 శాతం. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మాత్రలను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. అయితే మోతాదులు కుదిరేవరకు విడి మాత్రలే మేలు.

మూడో మెట్టు: అంకెలను లక్ష్యం దాకా తరమడం

ఎక్కువ మందికి వైద్యం జారిపోయేది ఇక్కడే. మందు రాశారు, రోగి మింగుతున్నాడు, అందరూ తమ పని అయిపోయిందనుకుంటారు. అంకె మాత్రం మధ్యదారిలో ఆగి ఉంటుంది.

ఎల్‌డీఎల్‌తో మొదలుపెడదాం. గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ 55 మిల్లీగ్రాముల లోపు ఉండాలని 2019 యూరప్ మార్గదర్శకాలు, 2024లో భారత కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ల్యాబ్ రిపోర్టులో పక్కన అచ్చువేసే "నార్మల్" హద్దు 100 గానో 130 గానో ఉంటుంది. అది ఏ జబ్బూ లేని మనిషికి వేసిన హద్దు. 92 వచ్చిన రిపోర్టులో ఎర్రగీత కనిపించదు, ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు, ఒక్కొక్కసారి "నార్మల్‌కు వచ్చింది కదా" అని మాత్ర కూడా ఆపేస్తారు. కాబట్టి రిపోర్టు చేతికి రాగానే అచ్చు హద్దును కొట్టేసి, పెన్నుతో పక్కన 55 అని రాసుకోండి. అతి చవకైన నాణ్యతా సాధనం ఇదే.

స్టాటిన్ మొదలుపెట్టిన, లేదా మోతాదు మార్చిన 4 నుంచి 12 వారాల మధ్య లిపిడ్ పరీక్ష మళ్లీ చేయించాలి. లక్ష్యం చేరకపోతే స్టాటిన్ రెట్టింపు చేసినా అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే; అదే కొలెస్ట్రాల్ తగ్గించే మరో మాత్ర ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు కలిపితే సుమారు 20 శాతం తగ్గుతుంది. అప్పటికీ చేరకపోతే పీసీఎస్‌కే9 ఇంజెక్షన్లు, ఆరు నెలలకొకసారి వేసే ఇంక్లిసిరాన్ ఉన్నాయి కానీ వాటి ధర మామూలు ఇళ్లకు అందేది కాదు. ఎజెటిమైబ్ అలా కాదు, అయినా చాలా చీటీల్లో ఆ పేరు రానే రాదు. మీరు అడగవలసిన మందు ఏదైనా ఉందంటే అదే.

బీపీ లక్ష్యం సాధారణంగా 130/80 లోపు. ఆసుపత్రిలో మెట్లెక్కి వచ్చి, వరుసలో నిలబడి, లోపలికి వెళ్లగానే చూసిన బీపీ మీద ఏడాది మందులు ఆధారపడకూడదు. చేతి పైభాగానికి చుట్టే డిజిటల్ యంత్రం కొనుక్కుని, కుర్చీకి వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టి ఐదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చున్నాక, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి. డాక్టరును కలిసే ముందు వారం ఉదయం, సాయంత్రం రాసిన అంకెలు ఆ ఒక్క క్లినిక్ అంకె కంటే ఎంతో నమ్మదగినవి.

షుగర్ ఉన్నవారికి హెచ్‌బీఏ1సీ చాలామందిలో 7 దగ్గర ఉంచుతారు. వయసు మీరినవారిలో, షుగర్ పడిపోయే ప్రమాదం ఉన్నవారిలో కొంచెం సడలిస్తారు. ఇక్కడ అంకె ఒక్కటే కాదు, ఏ మందుతో తగ్గించారన్నది కూడా ముఖ్యం. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు షుగర్‌తో పాటు గుండె మరణాలను కూడా తగ్గిస్తుందని 2015లో తేలింది. గుండెపోటు తర్వాత కూడా పదేళ్ల నాటి షుగర్ చీటీయే నడుస్తూ ఉంటే, గుండె డాక్టరు, షుగర్ డాక్టరు ఒకరి కాగితం ఒకరు చూడలేదని అర్థం. ఆ రెండు కాగితాలను కలిపేది మీ నోటుపుస్తకమే.

నాలుగో మెట్టు: మందు ఎక్కడ ఆగిపోతుందో ముందే కనిపెట్టడం

మందు మానేసేవారిని మొండివారని తిట్టడం తేలిక, కానీ ఆగిపోయే చోట్లు చూస్తే అవి దాదాపు అన్ని ఇళ్లలో ఒకటే. నెలాఖరుకు స్ట్రిప్పు అయిపోవడం, పెళ్లికో తీర్థయాత్రకో వెళుతూ మాత్రలు మరచిపోవడం, ఉపవాసం, పంటి నొప్పి, ఒళ్లు నొప్పులు, పక్కింటివారి సలహా. ఒక్కొక్కదానికి ముందుగానే జవాబు పెట్టుకోవాలి.

డబ్బు విషయానికి వస్తే, చీటీలో బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరు కూడా రాయమని అడగండి. జన ఔషధి దుకాణంలో అదే మందు చాలా తక్కువకు దొరుకుతుంది. అసలు పేరు రాసి ఉండడం పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు కూడా పనికొస్తుంది, ఎందుకంటే మన బ్రాండు పేరు చెబితే అక్కడి ఫార్మసీవారికి అర్థం కాదు.

పన్ను తీయించుకోవలసి వస్తే రక్తం పలచన చేసే మాత్రను దంత వైద్యుడు గానీ మీరు గానీ ఆపకూడదు, గుండె డాక్టరును అడిగే తీరాలి. చిగురు దగ్గర వచ్చే రక్తాన్ని అక్కడికక్కడ ఆపవచ్చు, స్టెంట్‌లో కట్టిన గడ్డను అలా ఆపలేం. మోకాళ్ల నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చే డైక్లోఫెనాక్ సూది, షాపులో అడిగి కొనే ఐబుప్రొఫెన్ ఈ రోగులకు శత్రువులు. అవి గుండెపోటు, రక్తస్రావం ముప్పును పెంచుతాయి, ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డుపడుతుంది. నొప్పికి పారాసిటమాల్‌తో మొదలుపెట్టడం మేలు.

స్టాటిన్ వల్ల కండరాల నొప్పులని మానేసేవారి గురించి ఒక ఆసక్తికరమైన పరీక్ష 2020లో జరిగింది. అలా మానేసిన అరవై మందికి కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూస్తే, స్టాటిన్‌తో కలిగిన బాధలో దాదాపు 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కలిగింది. బాధ అబద్ధమని కాదు, దాని కారణం మాత్ర కాకపోవచ్చని. నిజంగా కండరాలు దెబ్బతిన్నాయేమోనన్న అనుమానం ఉంటే సీపీకే పరీక్ష ఉంది. మూత్రం ముదురు రంగులోకి మారితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి. మిగతావారికి మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కు మారడమో చాలావరకు సరిపోతుంది. టికాగ్రెలార్ వేసుకునేవారికి కొందరికి ఆయాసంగా అనిపిస్తుంది. అది మందు ప్రభావమో, గుండె బలహీనతో డాక్టరు తేల్చాలి, ఇంట్లో తేల్చకూడదు.

ఇంకో ఆటంకం పైకి కనిపించదు. గుండెపోటు తర్వాత నలుగురిలో కలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, "ఇంకెన్నాళ్లులే" అనడం మొదలైతే అది నీరసం కాకపోవచ్చు, కుంగుబాటు కావచ్చు. కుంగుబాటులో ఉన్నవారు మందులు సరిగా వేసుకోరు. చికిత్స ఉన్న జబ్బును స్వభావమని వదిలేయకూడదు.

మన దేశంలోని పద్నాలుగు ఆసుపత్రుల్లో 806 మందితో చేసిన స్ప్రెడ్ అధ్యయనంలో, ఆరోగ్య కార్యకర్తలు డిశ్చార్జ్ అయిన తర్వాత కూడా కలుస్తూ మందుల గురించి మాట్లాడితే, మందులు క్రమంగా వాడినవారు 97 శాతం; మామూలు సంరక్షణ మాత్రమే అందినవారిలో అది 92 శాతం. ఇంట్లో ఆ కార్యకర్త పాత్ర ఎవరో ఒకరు తీసుకోవాలి. హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో వీడియో కాల్ చేసే కొడుకూ కూతురూ "మందులు వేసుకున్నావా నాన్నా" అని అడిగితే "ఆ" అనే జవాబే వస్తుంది. "స్ట్రిప్పు చూపించు నాన్నా" అంటే నిజం కనిపిస్తుంది.

ఐదో మెట్టు: పొగాకు, నడక, తిండి

ఈ మూడింటిలో పొగాకుకు మిగతా రెండూ సాటి రావు. గుండె జబ్బు వచ్చాక పొగ మానినవారిలో మరణాలు మూడో వంతుకు పైగా తగ్గుతాయి, ఏ ఒక్క మాత్రా అంతకంటే ఎక్కువ చేయదు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నీ లెక్కలోకే వస్తాయి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో కొందరు ఆడవారు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ కూడా, డాక్టరు ఆడవారిని ఆ ప్రశ్న అడగకపోయినా, చెప్పవలసిందే. మానడానికి సాయం కావాలంటే జాతీయ క్విట్‌లైన్ 1800112356 ఉచితం.

నడకకు వారంలో 150 నిమిషాలు లక్ష్యం, కానీ ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలో డిశ్చార్జ్ రోజే అడిగి రాయించుకోండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. కార్డియాక్ రిహాబ్ (గుండె జబ్బు తర్వాత పర్యవేక్షణలో వ్యాయామం చేయించే కార్యక్రమం) ఉన్న ఆసుపత్రి అందుబాటులో ఉంటే చేరండి. ఆవకాయ, అప్పడం, వడియం, ఎండుచేప, వీటిలోని ఉప్పు కూరలో వేసిన ఉప్పుకు అదనం. రోజు మొత్తానికి ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటకూడదు. తెల్లన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచడం, కాగిన నూనెను మళ్లీ వాడకపోవడం తెలిసిన సంగతులే. ఏటా ఫ్లూ టీకా వేయించుకోవడం మాత్రం చాలామందికి తెలియదు. గుండెపోటు తర్వాత ఆ టీకా మరణాలను తగ్గిస్తుందని 2021లో వచ్చిన పరీక్ష చూపింది.

ఆరో మెట్టు: చెకప్‌లో ఏది కావాలి, ఏది అక్కరలేదు

డిశ్చార్జ్ అయిన ఒకటి రెండు వారాల్లో ఒకసారి, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య ఒకసారి, ఆపైన మూడు నుంచి ఆరు నెలలకొకసారి కలవడం సాధారణ పద్ధతి. వెళ్లేటప్పుడు మందుల చీటీ కాదు, మందులనే సంచిలో వేసుకుని వెళ్లండి. చీటీలో ఉన్నదానికీ సంచిలో ఉన్నదానికీ తేడా దొరికే అవకాశం ఎక్కువ. లోపలికి వెళ్లాక మూడే ప్రశ్నలు: నా ఎల్‌డీఎల్, బీపీ, షుగర్ లక్ష్యం చేరాయా, చేరనిదానికి ఈరోజు ఏం మారుస్తున్నారు, రెండో పలచన మాత్ర ఆపే తేదీ మారిందా? ఏ బాధా లేని రోగికి ఏటా ట్రెడ్‌మిల్ పరీక్ష, రెండేళ్లకొకసారి యాంజియోగ్రామ్ అన్నది నాణ్యత కాదు. స్టెంట్ వేసిన ఏడాదికి అందరికీ ట్రెడ్‌మిల్ వంటి ఒత్తిడి పరీక్షలు చేస్తే మేలు ఉంటుందా అని కొరియాలో 1,706 మందిపై చూశారు. 2022లో వచ్చిన జవాబు, మేలు లేదు. ఆ ప్యాకేజీకి పెట్టే డబ్బుతో ఎన్నో నెలల ఎజెటిమైబ్ వస్తుంది.

ఏడో మెట్టు: నొప్పి మళ్లీ వస్తే

క్రియేట్ అనే నమోదులో మన దేశపు ఇరవై వేలకు పైగా రోగుల వివరాలు 2008లో వెలువడ్డాయి. వారిలో సగం మంది ఆసుపత్రి చేరేసరికి బాధ మొదలై సుమారు ఆరు గంటలు గడిచాయి. "గ్యాస్ అయి ఉంటుంది" అన్న మాటే ఆ గంటల్లో చాలావాటిని తినేస్తుంది. ఒకసారి గుండెపోటు వచ్చిన మనిషి విషయంలో ఆ మాట ఇంట్లో నిషేధించాలి. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, చెమటలు, హఠాత్తుగా ఆయాసం, వీటిలో ఏది వచ్చినా కూర్చోబెట్టి, డాక్టరు ముందే ఇచ్చి ఉంటే సార్బిట్రేట్ మాత్ర నాలుక కింద పెట్టాలి. లైంగిక సమర్థత కోసం సిల్డెనాఫిల్ వంటి మాత్ర ఈమధ్య వేసుకుని ఉంటే మాత్రం పెట్టకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కు ఫోన్ చేయాలి, రోగి తానే బండి నడపకూడదు. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో నొప్పి లేకుండా ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే ఉండవచ్చు, అప్పుడూ ఇదే పద్ధతి. అంబులెన్స్ వచ్చేలోపు స్టెంట్ కార్డు, నోటుపుస్తకం మొదటి పేజీ, మందుల సంచి తలుపు దగ్గర పెట్టండి; స్టెంట్ ఎప్పుడు వేశారు, ఏ నాళంలో, ఈ ఉదయం పలచన మాత్ర వేసుకున్నారా అన్న మూడింటికి అత్యవసర విభాగంలో అడగగానే జవాబు చెప్పాలి.